ఘనాలో స్థలం కొందామంటే "ఫ్రీహోల్డ్" అంటున్నారు, నమ్మొచ్చా?

తెమా కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను తెమాలో ఒక స్టీలు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. వచ్చి ఏడేళ్లయింది. మాతో పనిచేసే ఇక్కడి ఆయన ఒకతను రాజధాని అక్రా శివార్లలో వాళ్ల కుటుంబానికి స్థలాలున్నాయని, ఒక ప్లాటు నాకు ఇప్పిస్తానని అంటున్నాడు. ఇక్కడ ప్లాటు అంటే 70 అడుగులకు 100 అడుగులు. మన లెక్కలో 777 గజాలు, సుమారు 16 సెంట్లు. ఒక్కసారి డబ్బు కడితే చాలు, ఫ్రీహోల్డ్, అంటే గడువు లేని శాశ్వత హక్కు, రాసిస్తాం, నీ మనవలు కూడా అనుభవించుకోవచ్చు అంటున్నారు. ఇండెంచర్ అనే దస్తావేజు ఫొటో పంపాడు. కింద ఎర్ర సీలు, మూడు సంతకాలు, ఒక వేలిముద్ర ఉన్నాయి. నాకు ఘనా పౌరసత్వం లేదు, ఇండియన్ పాస్‌పోర్టే. మన ఈసీ లాంటిది ఇక్కడ ఏదైనా తీయించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. శనివారం డ్రింక్స్ పట్టుకుని రమ్మన్నారు. అదేంటో కూడా తెలియదు.

వకాలత్:
తమ్ముడూ, శనివారం వెళ్లకు. ఫ్రీహోల్డ్ అన్న మాట దగ్గరే తేడా ఉంది. ఘనా 1992 రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం ఆ దేశ పౌరులు కానివాళ్లకు భూమి మీద ఫ్రీహోల్డ్ ఇవ్వడమే కుదరదు. ఎవరైనా రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. నీలాంటివాళ్లకు లీజు మాత్రమే, అదీ ఒక విడతకు 50 ఏళ్లకు మించకుండా. స్థానికులకు మామూలుగా 99 ఏళ్లు ఇస్తారు.

ఇంకో విషయం. ఆ భూమి స్టూల్ భూమి, అంటే సంప్రదాయ రాజపీఠం కింద ఉన్న భూమి అయితే, 267వ అధికరణం ప్రకారం స్థానికులకు కూడా కొత్తగా ఫ్రీహోల్డ్ ఇవ్వకూడదు. నీకు ఇవ్వలేనిదాన్ని ఇస్తామంటున్నారంటే వాళ్లకు చట్టం తెలియకపోవాలి, లేదా నీకు తెలియదని వాళ్లకు తెలిసుండాలి.

కంపెనీ పెట్టి దాని పేరున కొంటానంటావేమో. 2020లో వచ్చిన ల్యాండ్ యాక్ట్, అక్కడ యాక్ట్ 1036 అంటారు, ఆ దారీ మూసేసింది. నూటికి 40 పైన వాటా విదేశీయులదైతే ఆ కంపెనీని కూడా పౌరుడు కాని వ్యక్తిగానే చూస్తారు.

డైలాగ్ రాజా:
ఆఫ్రికాలో స్థలం ఏంటి బ్రో. అక్కడ చట్టం ఏముంటుంది, ఎవడి చేతిలో కర్ర ఉంటే వాడిదే. ఆ డబ్బు తెచ్చి శంకర్‌పల్లిలో పెట్టు.

అక్రా పాతకాపు:
రాజా గారూ, శంకర్‌పల్లిలో డబుల్ రిజిస్ట్రేషన్లు లేవా? కోర్టు కేసులు లేవా? చట్టం లేకపోవడం కాదు ఇక్కడి సమస్య. మూడు నాలుగు రకాల చట్టాలు ఒకే స్థలం మీద కూర్చుని ఉంటాయి, అదీ ఇబ్బంది.

తెమా తమ్ముడూ, డ్రింక్స్ అంటే ఏంటో నేను చెప్తా, ఎందుకంటే అది నా జేబుకే తగిలింది. పాత రోజుల్లో రాజపీఠం మీదున్న అధిపతిని భూమి అడగడానికి వెళ్లేవాడు ఒక సీసా స్నాప్స్, అంటే ఘాటు మద్యం, పట్టుకెళ్లేవాడు. గౌరవానికి, అంతే. ఇప్పుడు సీసాతో పాటు డబ్బు కూడా ఇస్తారు. పేరు మాత్రం డ్రింక్ మనీయే. మార్కెట్ ధర మొత్తం ఆ పేరుతోనే చేతులు మారుతుంది. అదెందుకో తర్వాత ఎవరైనా చెప్తారులే.

2011లో నేనూ, నా పార్ట్‌నరూ కలిసి గోడౌన్ కోసం స్థలం తీసుకున్నాం. లీజే, 50 ఏళ్లకు. పెద్దాయన ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఒకాయన ఆకుపచ్చ సీసా మూత తీసి, పూర్వీకుల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తూ కొంచెం కొంచెం నేల మీద పోశాడు. మిగిలింది ఒకే గ్లాసులో అందరికీ తిప్పారు. నేను తాగను, పెదాలకు ఆనించి ఇచ్చేశా. నిజం చెప్పాలంటే ఆ పద్ధతి నాకు నచ్చింది. రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర మెషిన్ ముందు నిలబడటం కన్నా బాగుంది.

పునాది తీసి, గోడలు లింటెల్ దాకా లేపాం. ఒక సోమవారం పొద్దున వెళ్తే గోడ మీద ఎర్ర పెయింట్‌తో ఆపండి అని పెద్ద అక్షరాలు. పక్కనే నలుగురు కుర్రాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. వాళ్లను ల్యాండ్ గార్డులు అంటారు. మాకు అమ్మిన కుటుంబానికీ ఇంకో కుటుంబానికీ పీఠం ఎవరిదనే గొడవ ఇరవై ఏళ్లుగా కోర్టులో ఉందట. అవతలివాళ్లకు తీర్పొచ్చింది. మేము పేర్చి పెట్టిన సిమెంటు బ్లాకులు అప్పటికే సగం మాయం. ఆఖరికి రెండో కుటుంబంతో మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకున్నాం. రెండో సీసా, రెండో డబ్బు. గోడౌన్ ఉంది ఇప్పటికీ, ఒకే స్థలానికి రెండుసార్లు కట్టాం.

తెమా కుర్రాడు:
అమ్మో. అయితే అమ్మేవాడికి హక్కుందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నా?

వకాలత్:
ల్యాండ్స్ కమిషన్ ఆఫీసులో సెర్చ్ పెట్టాలి. లైసెన్స్ ఉన్న సర్వేయర్ గీసిన సైట్ ప్లాన్ కావాలి, ఫీజు కట్టాలి. ఆ స్థలం మీద ఇప్పటిదాకా ఏయే లావాదేవీలు రికార్డయ్యాయో, ప్రభుత్వం సేకరించిన భూమి కిందకు వస్తుందో లేదో రాసిస్తారు. మన ఈసీ, 22ఏ నిషేధిత జాబితా రెండూ కలిపినట్టు అనుకో. కాకపోతే రికార్డుకెక్కనిది అందులో కనపడదు. అక్కడ అలాంటివే ఎక్కువ. 1962 నాటి చట్టం కింద దస్తావేజుల రిజిస్ట్రేషన్, 1986 నాటి చట్టం కింద టైటిల్ రిజిస్ట్రేషన్, రెండూ నడిచాయి. రెండోది అక్రా, కుమాసి చుట్టుపక్కలే సాగింది. ఇవన్నీ ఒక తాటి మీదకు తేవడానికే 2020 చట్టం.

అందుకే సెర్చ్ ఒక్కటే సరిపోదు. స్థలం దగ్గరకు వెళ్లి, పక్కవాళ్లను ఇది ఎవరి భూమి అని అడుగు. పీఠం అయితే అధిపతి ఒక్కడి సంతకం చాలదు, ముఖ్యమైన పెద్దల సమ్మతి కావాలి. కుటుంబ భూమి అయితే కుటుంబ పెద్దతో పాటు ముఖ్య సభ్యులు ఒప్పుకోవాలి. ఫొటోలో మూడు సంతకాలున్నాయి అన్నావు, అవి ఎవరివో కనుక్కో.

చరిత్ర పిచ్చి:
పాతకాపు గారు గోడ మీద ఎర్ర పెయింట్ దాకా చెప్పారు కాబట్టి, కథ అసలు మొదలెక్కడో నేను చెప్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

1894లో గోల్డ్ కోస్ట్ ప్రభుత్వం, అంటే ఇప్పటి ఘనాలో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం, ఒక బిల్లు తెచ్చింది. ఎవరూ వాడని అడవి, బీడు, ఖనిజాలున్న నేల అంతా బ్రిటిష్ రాణిది అని. బంగారు గనుల కోసం కంపెనీలు వరసకట్టిన కాలం అది. ఒకే అడవిని ఇద్దరు ముగ్గురికి రాసిచ్చిన అధిపతులు కూడా ఉన్నారు, అదే సాకు. వ్యతిరేకత వచ్చేసరికి వెనక్కి తీసుకుని, 1897లో మాటలు మార్చి మళ్లీ తెచ్చారు. కేప్ కోస్ట్‌లో చదువుకున్నవాళ్లూ అధిపతులూ కలిసి ఆదివాసీ హక్కుల రక్షణ సంఘం పెట్టారు. జాన్ మెన్సా సర్బా అనే లాయరు శాసన మండలి ముందు వాదించాడు. వాళ్ల వాదన ఒక్కటే: ఖాళీగా కనపడే నేల ఉంది కానీ, సొంతదారు లేని నేల ఈ దేశంలో అంగుళం కూడా లేదు.

1898లో ముగ్గురిని లండన్ పంపారు. వాళ్లలో జాకబ్ విల్సన్ సే పామాయిల్ వ్యాపారంలో బాగా గడించినవాడు. వలస వ్యవహారాల మంత్రి జోసెఫ్ చాంబర్లెయిన్ వీళ్ల మాట విన్నాడు, బిల్లు ఆగిపోయింది. వందేళ్ల పైన అయింది, ఇప్పటికీ ఘనా భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిది కాకుండా పీఠాలదీ కుటుంబాలదీ అయి ఉండటానికి కారణం అదే.

మన దగ్గర చూడండి. 1802లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పెట్టి జమీందార్లకు సనదులిచ్చారు. శిస్తు వసూలు చేసేవాణ్ణి యజమానిని చేశారు. రైతు అడుగు కిందకు పోయాడు. అక్కడ అధిపతులు మేం యజమానులం కాదు, మా పూర్వీకుల తరఫునా పుట్టబోయేవాళ్ల తరఫునా కాపలాదార్లం అని చెప్పి గెలిచారు. ఇప్పుడు ఆ కాపలాదారే ప్లాట్లు కోసి అమ్ముతున్నాడు. 1898లో గెలిచిన వాదన, 2011లో పాతకాపు గారి చేత రెండుసార్లు కట్టించింది.

ఖమ్మం రైతు:
అన్నా, ఇది మా ఏజెన్సీ లెక్కనే ఉంది. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి అమ్మకూడదు, కొన్నా చెల్లదు. అయినా బినామీ పేర్ల మీద నడుస్తది. మరి ఘనా మొత్తం ఇట్లనే ఉంటదా? ఉత్తరాన ఎడారి వైపు కూడా?

చరిత్ర పిచ్చి:
మంచి ప్రశ్న. ఉత్తరానిది వేరే కథ. అక్కడ కేప్ కోస్ట్ లాయర్లు లేరు, లండన్ వెళ్లిన బృందం లేదు. 1927లో ఒక ఆర్డినెన్స్‌తో ఉత్తర ప్రాంతాల భూమి మొత్తం గవర్నర్ చేతిలోకి తెచ్చారు. స్వాతంత్ర్యం 1957లో వచ్చింది, భూమి మాత్రం గవర్నర్ చేతి నుంచి కొత్త ప్రభుత్వం చేతికే వెళ్లింది. 1979 రాజ్యాంగంతో గానీ అసలు హక్కుదారులకు తిరిగి రాలేదు. అక్కడ అధిపతి కూర్చునేది స్టూలు మీద కాదు, జంతుచర్మం మీద. అందుకే స్కిన్ భూములు అంటారు. ఒకే దేశం, దక్షిణాన పిటిషన్ పెట్టగలిగారు కాబట్టి మిగిలింది, ఉత్తరాన పెట్టలేకపోయారు కాబట్టి 50 ఏళ్లు పోయింది.

మోడరేటర్:
ఇక్కడ ఒక పోస్టు తీసేశాం. ప్లాట్లు అమ్ముతామంటూ ఫోన్ నంబర్లు పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

లేగోస్ బాబాయ్:
నైజీరియా సంగతి కూడా రెండు ముక్కలు. ఇక్కడ మిలిటరీ ప్రభుత్వం ఉన్నప్పుడు, 1978లో, ఒకే దెబ్బకు ల్యాండ్ యూజ్ డిక్రీ తెచ్చి, రాష్ట్రంలో ఉన్న భూమి అంతా గవర్నర్ చేతిలో పెట్టారు, ప్రజల తరఫున అని. నీకు వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ, మామూలుగా 99 ఏళ్లు. అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా గవర్నర్ అనుమతి.

కాగితం మీద అది. వీధిలో మాత్రం ఒమో ఒనీలే, అంటే భూమి సొంతదార్ల పిల్లలు, వచ్చి పునాదికి ఇంత, రూఫుకి ఇంత అని వసూలు చేస్తారు. లేగోస్ రాష్ట్రం 2016లో దీనికి విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది. మా వీధిలో ప్రతి రెండో ఇంటి గోడ మీద ఈ ఇల్లు అమ్మకానికి లేదు అని రాసి ఉంటుంది. మొదట్లో నవ్వుకునేవాణ్ణి. యజమాని సెలవులకు ఊరెళ్తే వేరేవాడు ఇల్లు చూపించి అడ్వాన్స్ తీసుకుంటాడని తర్వాత అర్థమైంది. మా ఇంటి ఓనరుకు చెప్పి మా గోడ మీద కూడా రాయించా.

చరిత్ర పిచ్చి గారికి ఒక్క మాట. మా దగ్గరా మీ కేప్ కోస్ట్ లాంటి కథ ఉంది. లేగోస్‌లోని అపాపాలో ప్రభుత్వం భూమి తీసుకుంటే అమోడు తిజానీ అనే లేగోస్ అధిపతి జాతీయవాద నాయకుడు హెర్బర్ట్ మెకాలేని వెంటబెట్టుకుని లండన్ వెళ్లాడు. 1921లో ప్రీవీ కౌన్సిల్, అంటే వలస దేశాలకు అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, భూమి సముదాయానిదేనని, పరిహారం ఇవ్వాలని తేల్చింది. 57 ఏళ్ల తర్వాత ఇక్కడి మిలిటరీ వాళ్లు ఇంగ్లీషువాడు చేయలేనిది చేశారు.

కుమాసి కోడలు:
నమస్తే అండి. నేను భీమవరం అమ్మాయిని, మా ఆయన అశాంతి అనే తెగవాడు. కుమాసిలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఎవరూ ఆడవాళ్ల సంగతి ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా.

మా మామగారికి కోకో తోట ఉండేది. ఆయన పోయాక అది మా ఆయనకు రాలేదు. మా ఆయనకు వచ్చింది వాళ్ల మేనమామ తోట! అశాంతి వాళ్లు కూడా అకాన్ జాతే, అకాన్ వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి. మగవాడి ఆస్తి అతని అక్కచెల్లెళ్ల పిల్లలకు పోతుంది, సొంత పిల్లలకు కాదు. మా అమ్మకు ఫోన్లో చెప్తే, మనకు మేనమామ పిల్లనిస్తాడు, వాళ్లకు పొలమిస్తాడా, ఇదే నయం అంది.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, మొగుడు పోయిన మర్నాడే బంధువులొచ్చి భార్యను ఇంట్లోంచి పంపేసిన కేసులు చాలా ఉండేవి. 1985లో విల్లు రాయకుండా పోయినవాళ్ల ఆస్తికి చట్టం చేశారు, ఇక్కడ అందరూ అప్పటి సైనిక ప్రభుత్వం పేరుతో పీఎన్‌డీసీ లా 111 అనే అంటారు. ఇల్లూ ఇంట్లో సామానూ భార్యాపిల్లలకే. మిగిలినదాంట్లో పిల్లలకు 16లో 9 వంతులు, భార్యకు 3, తల్లిదండ్రులకు 2, ఆచారం ప్రకారం కుటుంబానికి 2. అదీ సొంతంగా సంపాదించినదానికే. పీఠం భూమికీ కుటుంబ భూమికీ వర్తించదు. చట్టం వచ్చినంత మాత్రాన పల్లెల్లో అంతా మారిపోలేదు, కానీ కోర్టుకు వెళ్లడానికి ఆధారం దొరికింది.

అదే 1985 సెప్టెంబరు 5 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. అప్పటికి పెళ్లయిపోయినవాళ్లకు లేదన్నారు. మా పెద్దమ్మకు ఆ ఏడాది మేలో పెళ్లయింది, ఇప్పటికీ ఆ నాలుగు నెలల గురించి చెప్తుంది.

తెమా తమ్ముడికి ఒక మాట. అమ్మేవాడు పెళ్లయినవాడా అని అడగండి. పెళ్లయ్యాక సంపాదించిన భూమిని ఇవ్వాలంటే భార్య లేదా భర్త సమ్మతి కూడా ఉండాలని 2020 చట్టంలో ఉంది.

ఖమ్మం రైతు:
అక్కా, ఆ కోకో తోట మీరే చేస్తారా, కౌలుకిస్తారా?

కుమాసి కోడలు:
మాకు కోకో కాయ కొట్టడం కూడా రాదండి, అబునుకి ఇచ్చాం. అబును అంటే రెండు పాళ్లు, అబుసా అంటే మూడు పాళ్లు. బీడు ఇస్తే అతనే అడవి కొట్టి, మొక్క నాటి, కాపు వచ్చేదాకా పెంచుతాడు. తర్వాత తోట గానీ పంట గానీ చెరిసగం. ఎదిగిన తోటను ఊరికే చూసుకునేవాడైతే అబుసా, పంటలో మూడో వంతు.

మన కౌలుకూ దీనికీ తేడా ఏంటంటే, ఇది సంవత్సరం లెక్క కాదు, చెట్టు లెక్క. చాలాచోట్ల చెట్టు నిలబడి ఉన్నంతకాలమే అతని హక్కు. చెట్టు పోతే నేల మావైపు వచ్చేస్తుంది. మా అబును ఆయన తోటలో కొన్ని చెట్లకు కొమ్మలుబ్బే వైరస్ తెగులు వచ్చింది. కొట్టేసి కొత్తవి నాటాలని ప్రభుత్వం వాళ్లు చెప్పి వెళ్లారు. ఆయన కత్తి పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతాడు గానీ కొట్టడు. అడిగితే, మేడమ్, ముందు కాగితం రాయండి అన్నాడు. కొత్త మొక్కల మీదా సగం నీదే అని మా ఆయన ఇంగ్లీషులో రాసి సంతకం పెడితే, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అప్పుడు కొట్టాడు మొదటి చెట్టు.

డైలాగ్ రాజా:
సరే, నేను తొందరపడి మాట్లాడా. కానీ ఒకటి అర్థం కాలేదు. మార్కెట్ రేటు మొత్తం డ్రింక్ మనీ పేరుతో ఎందుకు తీసుకుంటారు? అమ్మకం అనొచ్చుగా.

వకాలత్:
పంపకం వల్ల. పీఠం భూమి మీద వచ్చే అద్దె, రాయల్టీ అంతా స్టూల్ ల్యాండ్స్ అడ్మినిస్ట్రేటర్ ఆఫీసుకు వెళ్లాలి. నూటికి 10 ఆ ఆఫీసు ఖర్చులకు. మిగిలిన 90లో 55 శాతం జిల్లా అసెంబ్లీకి, 25 శాతం పీఠానికి, 20 శాతం సంప్రదాయ మండలికి. అంటే నువ్వు 100 కడితే పీఠానికి చేరేది 22 చిల్లర. అదే డ్రింక్ మనీ అయితే లెక్కలోకే రాదు, కానుక కదా. అందుకని కాగితం మీద గ్రౌండ్ రెంట్, అంటే నేల అద్దె, నామమాత్రంగా రాస్తారు, అసలు డబ్బు సీసా పక్కన పెడతారు.

అక్కడే కొనేవాడికి దెబ్బ. రేపు గొడవొస్తే నువ్వెంత కట్టావో చూపించే కాగితం ఉండదు.

అక్రా పాతకాపు:
అదే నా కేసులో జరిగింది. కోర్టులో లాయరు మీరు ఎంత ఇచ్చారు అంటే, సీసా అన్నాం.

చరిత్ర పిచ్చి:
ఇంకో తేదీ గుర్తు పెట్టుకోండి, 1969 ఆగస్టు 22. ఆ రోజుకి విదేశీయుల చేతుల్లో ఉన్న ఫ్రీహోల్డులన్నీ ఆ రోజు నుంచి 50 ఏళ్ల లీజులుగా మారినట్టు రాజ్యాంగం లెక్క. అంటే 2019 ఆగస్టులో గడువు తీరిపోయింది. పాత ఇంగ్లీషు కంపెనీ నుంచి వచ్చిన ఫ్రీహోల్డ్ అని ఎవరైనా విదేశీయుడు చూపిస్తే ఈ తేదీ అడగండి.

తెమా తమ్ముడు ఉన్న ఊరే చూడండి. 1952లో రేవు కట్టడానికి అక్కడ 60 చదరపు మైళ్ల పైచిలుకు భూమి ప్రభుత్వం తీసుకుని ఒక కార్పొరేషన్‌కు లీజుకిచ్చింది. అక్కడి జాలరి పల్లె వాళ్లు, మా దేవతలు ఈ ఊరి మడుగు దగ్గరే ఉన్నారు, కదలం అన్నారు. 1959లో గానీ పక్కన కట్టిన కొత్త ఊరికి వెళ్లలేదు. నువ్వు రోజూ దిగే ఫ్యాక్టరీ గేటు ఆ భూమిలోనిదే అయి ఉండొచ్చు.

తెమా కుర్రాడు:
అందరికీ థాంక్స్. పదిహేను రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి. శనివారం వెళ్లలేదు, కడుపునొప్పి అని చెప్పా. సర్వేయర్‌ని పట్టుకుని సైట్ ప్లాన్ గీయించి సెర్చ్ పెట్టించా. ఈరోజే రిపోర్టు వచ్చింది. ప్లాటులో మూడొంతులు ప్రభుత్వం ఎప్పుడో సేకరించిన భూమిలో ఉంది. మిగిలిన ముక్క మీద ఇంకొకరి పేరున లీజు ఇప్పటికే రికార్డయి ఉంది.

ప్లాటు ఇప్పిస్తానన్న మా ఫ్యాక్టరీ ఆయనకు రిపోర్టు చూపించా. ఏమాత్రం తొణకలేదు. సేకరించి ఏళ్లయినా వాడుకోలేదు, తిరిగి అడిగే మొదటి హక్కు మా కుటుంబానిదే, రాజ్యాంగంలో ఉంది అన్నాడు. అది నిజమేనా వకాలత్ గారూ? రేటు సగానికి తగ్గిస్తానన్నాడు.

వకాలత్:
నిజమే, 20వ అధికరణంలో ఉంది. సేకరించిన పనికి వాడకపోతే మొదట అడిగే హక్కు పాత యజమానిది. అడిగే హక్కు వేరు, భూమి చేతిలోకి రావడం వేరు. వాళ్లకు వచ్చాక అమ్మమను.

లేగోస్ బాబాయ్:
సగం రేటా? ఆ గోడ మీద రాయి తమ్ముడూ, ఈ స్థలం అమ్మకానికి లేదు అని. ముందు గోడ కట్టాలి, అదీ చిక్కు.

తెమా కుర్రాడు:
స్నాప్స్ సీసా ముందే కొనేశా బాబాయ్. గదిలో టీవీ పక్కన ఉంది. వెనక్కి తీసుకోరట.